తెరకు అడ్డంగా నిలబడ్డ ఆపా

ఆపా పోయిందని తెలిసిన రోజు మా ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్కొక్కరూ నా బల్ల దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, ఒకే మాట అడిగారు. "ప్రశాంతంగా వెళ్ళిపోయారా?"

ఇక్కడ అలా అడగడం మర్యాద. నేనూ మర్యాదగానే తలూపాను. కానీ ఆపా ఏ పనీ ప్రశాంతంగా చేసిన మనిషి కాదు. చివరి రోజుల్లో, లైప్‌జిగ్‌లో ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు కూడా అంతే. ఒక కుర్ర డాక్టరు వచ్చి, ఆమె జబ్బు సంగతి ఆమెకు కాకుండా పక్కన నిలబడ్డ కొడుక్కి వివరించడం మొదలుపెట్టాడు. ఆపా సూది గుచ్చి ఉన్న చెయ్యి పైకెత్తి అతన్ని ఆపింది. తనకొచ్చిన వంకర జర్మన్‌లోనే అంది. "ఇటు చూడు బాబూ. రోగిని నేను. వాడు ఐటీ."

ఆ కొడుకు జర్మనీలోనే దూరంగా బ్యోబ్లింగెన్ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తాడు. తల్లి కోసం సెలవు పెట్టి వచ్చి ఇక్కడే ఉన్నాడు. నాకు ఫోన్ చేసి చెప్పింది అతనే. "అక్కా, అమ్మీ పోయింది" అన్నాడు. తర్వాత అతనే, "ఆ డాక్టర్‌తోని కొట్లాడినంక మస్తు ఖుషీగ ఉండె అక్కా. ఆ పూట అన్నం గుడ తిన్నది" అన్నాడు.

ఆమె పేరు నేనిక్కడ రాయడం లేదు. మాకెవరికీ ఆ పేరుతో పని పడలేదు కూడా. హైదరాబాద్ నుంచి వచ్చిన ముస్లిం పిల్లలు ఆమెను ఆపా అని, అంటే అక్కా అని పిలిచేవాళ్ళు. వాళ్ళను చూసి మేమందరం అదే పిలుపు పట్టుకున్నాం. మా క్యాంటీన్‌లో పనిచేసే జర్మన్ ఆవిడైతే అది ఇంటిపేరనుకుని, "గూటెన్ మోర్గెన్, ఫ్రౌ ఆపా" అనేది. ఆపా దిద్దలేదు. బాగుందిలే అనుకుంది.

ఆమె జీవిత చరిత్ర కూడా నాకు సరిగ్గా తెలియదు. అడిగితే, "పాత కథలెందుకు బిడ్డా, ఇయ్యాల ఏం చేసినవో చెప్పు" అనేది. నాకు తెలిసినవి ఆమె నడక, ఆమె మాట, ఆమె కోపం.

పొట్టి మనిషి. ట్రామ్ దిగి నడుస్తుంటే కాళ్ళకంటే తల ముందు పోయేది. తెల్ల దుపట్టా, దాని మీద చలికాలమంతా ఒకటే గోధుమరంగు కోటు. భుజాన వేలాడే సంచిలో ఎప్పుడూ చాయ్ ఫ్లాస్కు ఉండేది. ఆ చాయ్‌కి పాలు ఇంట్లోనే చిక్కగా మరగబెట్టుకుని వచ్చేది. ఇన్‌స్టిట్యూట్‌లో ఆమె గదిలోకి ఎవరు వచ్చినా, మా అందరికీ పై అధికారి ప్రొఫెసరైనా సరే, ముందు కుర్చీ చూపించేది. నిలబడి చెబితే వినేది కాదు. "కూసో. నిలవడి మాట్లాడెటోళ్ళకు ఎప్పుడు పోదామా అనే ఉంటది" అనేది.

ఇంటి భాష ఉర్దూ. తెలుగు మాత్రం పురుడు గదిలో నేర్చుకుంది. చదువు కాగానే తెలంగాణలో ఒక చిన్న ఊరి సర్కారు దవాఖానాలో డాక్టరుగా వేశారట. అక్కడికి కాన్పుకొచ్చిన ఆడవాళ్ళే ఆమెకు తెలుగు పంతుళ్ళు. అందుకే ఆమె తెలుగులో సగం ఆజ్ఞలే. ఊపిరి తీస్కో. ఇడువు. బుగులు పడకు. ఇటు తిరుగు. ఒకసారి మా లిఫ్టు మధ్యలో ఆగిపోయి బ్రెజిల్ కుర్రాడొకడు ఇరుక్కుపోయాడు. ఆపా తలుపు దగ్గర నిలబడి, "ఊపిరి తీస్కో బిడ్డా, నేనీడనే ఉన్న" అని తెలుగులోనే చెప్తూ పోయింది. వాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా తీసుకున్నాడు.

జర్మన్ భాషలో ప్రతి వస్తువుకూ లింగం ఉంటుంది. బల్ల మగది, దీపం ఆడది, పుస్తకం రెండూ కాదు. ఏది ఏదో గుర్తుపెట్టుకోలేక మేమందరం తిప్పలు పడేవాళ్ళం. ఆపా మాత్రం అన్నిటికీ ఆడలింగం 'డీ' తగిలించి ధైర్యంగా మాట్లాడేసేది. టీచరు దిద్దితే నవ్వి, "దునియాల పని చేసేటియన్ని ఆడయే గద" అంది. ఆ టీచరు కూడా ఆడమనిషే కాబట్టి పాసు చేసిందని మా అనుమానం.

శనివారం మధ్యాహ్నం ఆమె ఇంటి ముందు గది కడుపుతో ఉన్న మన పిల్లలతో నిండిపోయేది. హైదరాబాద్, ఖమ్మం, గుంటూరు, ఎక్కడెక్కడివాళ్ళో. భర్త బ్లూ కార్డు వీసా మీద ఉద్యోగం చేస్తుంటే కొత్తగా వచ్చినవాళ్ళు. ఇక్కడ మంత్రసానిని హెబామె అంటారు. ఆ హెబామె దొరక్క, డాక్టరమ్మ జర్మన్‌లో గబగబా చెప్పింది అర్థంకాక, భయంతో వచ్చేవాళ్ళు. ఆపా వాళ్ళ రిపోర్టులు ముట్టుకునేది కాదు. ముందు చాయ్ ఇచ్చి, "రాత్రి నిద్ర పడ్తున్నదా?" అని అడిగేది. తర్వాత మొగుళ్ళ వంతు.

"టెర్మిన్‌కు నువ్వు గుడ పోయినవా?" అని ఒక గుంటూరు అబ్బాయిని అడిగింది. టెర్మిన్ అంటే ఇక్కడ అపాయింట్‌మెంటు.

"లేదండి ఆపా. ఆ టైముకి మీటింగ్ పడింది."

"ఆ మీటింగ్‌ల ఎవరన్న పుడ్తున్నరా?"

అబ్బాయి ముఖం ఎర్రబడింది. తర్వాతి టెర్మిన్‌కు వెళ్ళాడు. వెళ్ళడమే కాదు, డాక్టరు గది బయట సెల్ఫీ తీసి ఆపాకు పంపాడు. ఆపా వెంటనే వాయిస్ మెసేజ్ పెట్టింది. "ఫోటో ఎవరడిగిన్రు రా? లోపల ఆమె చెయ్యి పట్టుకున్నవా లేదా?"

మా ప్రాజెక్టు కూడా ఒక రకంగా ఆ ప్రశ్నే. ఆఫ్రికాలో మలావీ అనే దేశం, అందులో ఒక జిల్లా ఆసుపత్రి. నొప్పులు పడే ఆడమనిషి పక్కన తనకు ఇష్టమైన మనిషి ఒకరు, తల్లో అత్తో అక్కో, కాన్పు అయ్యేదాకా ఉంటే ఏమవుతుంది? భయం తగ్గుతుందా? కాన్పు సులువవుతుందా? వార్డులో అరుపులూ దెబ్బలూ తగ్గుతాయా? ఆ పరిశోధన నడిపే డాక్టరు ఆపా. నేను లెక్కలు చూసే మనిషిని. హనుమకొండలో స్టాటిస్టిక్స్ చదివి, లైప్‌జిగ్‌లో మాస్టర్స్ చేసి, అక్కడే ఉద్యోగంలో చేరాను.

చేరిన కొత్తలో, మేం ఆ తల్లుల్ని అడగబోయే ప్రశ్నలు ఆమెకు చదివి వినిపించాను. 'కాన్పు సమయంలో మీ మీద ఎవరైనా అరిచారా? చెయ్యి చేసుకున్నారా?' అన్నచోట ఆపా ఆపింది.

"ఇది ఎవరడుగుతరు?"

"వార్డు నర్సు ఆపా. ఇంటికి పంపించే ముందర."

"నిన్ను కొట్టినామెనే వచ్చి, నేను కొట్టిన్నా అమ్మా అని అడిగితే నువ్వేం చెప్తవ్?"

నేను ఆ ప్రశ్న పక్కన పెన్సిల్‌తో గీత పెట్టాను.

"కొట్టలే అంటవ్. అని, సంచి పట్టుకోని ఇంటికి పోతవ్. నీ కంప్యూటర్ల సున్న వడ్తది. మనం ఇక్కడ దావత్ చేస్కుంటం."

నాకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. ఆ తర్వాత ఆ ప్రశ్నలు అడగడానికి ఆసుపత్రితో సంబంధం లేని ఆడవాళ్ళను వెతికి, తల్లులు ఇళ్ళకు చేరి కుదుటపడ్డాక వాళ్ళ ఇళ్ళకే పంపింది. పని ఆలస్యమైందని ప్రొఫెసరు నొచ్చుకున్నాడు. "నిజానికి టైం పడ్తది" అని ఆయనకూ కుర్చీ చూపించింది.

ఒకసారి నన్నూ మలావీకి వెంట తీసుకుపోయింది.

అక్కడి చిచేవా భాషలో తల్లిని, పెద్దమనిషి తరహా ఆడవాళ్ళను 'అమాయి' అంటారు. అది వినపడ్డప్పుడల్లా ఆపా నా మోచేతిని పొడిచేది. "ఇన్నవా? ఈడ తల్లులను అమ్మాయి అంటరు. మన దగ్గర పెండ్లి కాంగనే అమ్మాయి అనుడు బందు వెడ్తం."

రోగులతో వచ్చిన బంధువుల్ని అక్కడ గార్డియన్లు అంటారు. వాళ్ళ కోసం ఆసుపత్రి ఆవరణలో ఒక రేకుల షెడ్డు ఉంది. అక్కడే వండుకుంటారు, అక్కడే పడుకుంటారు. పురుడు గదిలోకి మాత్రం వాళ్ళను రానివ్వరు. ఆపా వెళ్ళీ వెళ్ళగానే ఆఫీసు గదికి కాకుండా ఆ షెడ్డుకే నడిచింది. ఎర్రమట్టి నేల మీద చాప వేసుకుని కూర్చున్న ముసలామె పక్కన కూర్చుంది. వాళ్ళు పెట్టిన న్సీమా, మన సంకటి లాంటిదే, చేత్తో విరిచి తినసాగింది. నేనూ కూర్చున్నాను.

అక్కడ కూర్చుంటే పురుడు గదిలో అరుపులు వినపడతాయి. ఒక్కో అరుపుకు షెడ్డులో ఒక్కో ఆడమనిషి తల ఎత్తుతుంది. తన పిల్ల గొంతు కాకపోతే మళ్ళీ గిన్నెలో గరిటె తిప్పుకుంటుంది. మా పక్కన ఉన్న ముసలామె మాత్రం ఉన్నట్టుండి లేచింది. నడుముకు కట్టుకున్న గుడ్డ బిగించుకుని, ఆ తలుపు దాకా నడిచింది. కాపలా మనిషి ఏదో చెప్పాడు. ఆమె వెనక్కి వచ్చి కూర్చుంది. కాసేపటికి మళ్ళీ లేచింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. ఆపా తినడం ఆపేసింది. చెయ్యి కడుక్కుని నేరుగా లోపలికి పోయింది. నేను వెనకే పరుగెత్తాను.

వార్డును చూసుకునేది గ్రేస్ అనే సిస్టరు. భారీ మనిషి, గంభీరమైన గొంతు. బల్లలన్నీ నిండిపోయి ఇద్దరు ఆడవాళ్ళు నేల మీద ఉన్నారు. గ్రేస్‌కు తోడు ఒక్క నర్సు. బల్లకూ బల్లకూ మధ్య అడ్డు లేదు.

"ఆ తల్లిని లోపలికి రానివ్వచ్చు కదా?" అని ఆపా ఇంగ్లీషులో అడిగింది.

గ్రేస్ చేస్తున్న పని ఆపకుండానే జవాబిచ్చింది. "రానిస్తాను. ఆమె తన కూతురితో పాటు పక్క బల్ల మీద బట్టలు లేకుండా ఉన్న ఇంకొకరి కోడల్ని కూడా చూస్తుంది. ఊళ్ళోకి పోయి చెబుతుంది. రేపు ఆ కోడలు నా దగ్గరికి కాన్పుకు రాదు, ఇంట్లోనే ఉండిపోతుంది. మీ దేశంలో కూర్చుని తోడు ఉండాలి అని రాయడం తేలిక డాక్టర్."

"నా దేశం ఏది? జర్మనీయా, ఇండియానా?"

"ఏదైనా సరే. ఇది కాదుగా."

నేను భయపడ్డాను. ఆపా మాత్రం పెద్దగా నవ్వింది. తనతో కొట్లాడగలిగిన మనిషి కనపడితే ఆమెకు అంత సంతోషం. "సరే సిస్టర్. నీకేం కావాలో చెప్పు."

"పరదాలు" అంది గ్రేస్.

లైప్‌జిగ్‌కు మెయిల్ పెట్టాం. పరదాలు పరిశోధనలో భాగం కావని గంటలోనే జవాబొచ్చింది. జీపులో కూర్చుని ఆ మెయిల్ నాకు చదివి వినిపించింది ఆపా. "పరిశోధనల భాగం కాదంట. మానం గద, ఎట్లయితది!" అని, డ్రైవర్ని బజారుకు పోనిమ్మంది. అక్కడి ఆడవాళ్ళు నడుముకు చుట్టుకునే, పిల్లల్ని వీపున కట్టుకునే రంగుల గుడ్డను చిటెంజె అంటారు. పసుపు మీద నీలం చేపలున్నవి, ఆకుపచ్చ మీద నెమళ్ళున్నవి ఏరుకుంది. బేరం నేను చేశాను. తాడు కట్టింది ఆపా. బల్ల మీదకు ఎక్కవద్దని గ్రేస్ అరుస్తున్నా ఎక్కింది.

మర్నాడు పొద్దున తలుపు తీశారు. ముందు లోపలికి వచ్చింది ఆ ముసలామే. కూతురికి ఇంకా కాన్పు కాలేదు. ఆమెకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాసేపు అలాగే నిలబడి, తర్వాత వంగి కూతురి నడుము రుద్దడం మొదలుపెట్టింది. కూతురు కళ్ళు తెరవకుండానే ఆ చేతిని పోల్చుకుంది. పోల్చుకుని ఇంకా గట్టిగా ఏడ్చింది. గ్రేస్ నా వైపు తిరిగి, "చూశావా? అరుపులు ఎక్కువయ్యాయి" అంది. కానీ ఆ ముసలామెను బయటికి పంపలేదు.

పరిశోధన అయిపోయింది. లెక్కలు కట్టింది నేనే కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. తోడు ఉన్న ఆడవాళ్ళు భయపడ్డది తక్కువ. తిట్లూ దెబ్బలూ తక్కువ. మళ్ళీ ఆసుపత్రికే వస్తామన్నవాళ్ళు ఎక్కువ. కానీ రక్తస్రావం లాంటి పెద్ద ప్రమాదాల్లో మేం ఆశించినంత తేడా కనపడలేదు. ప్రొఫెసరు ముఖం వాడిపోయింది. ఆయన చెడ్డవాడు కాదు. ఏళ్ళ తరబడి తల్లుల ప్రాణాల కోసమే పనిచేసిన మనిషి. "గట్టి ఫలితం ఏదీ లేదే" అన్నాడు.

"భయం పోవుడు ఫలితం కాదా?" అంది ఆపా. ఇంగ్లీషులో మొదలుపెట్టి, కోపంలో తెలుగులోకి వచ్చేసింది. నేను అనువాదం చేశాను. కొంచెం మెత్తగా చేశాను.

ఆ ఫలితాలు చెప్పడానికి లైప్‌జిగ్‌లోనే ఒక సదస్సు పెట్టారు. గ్రేస్ వచ్చి వేదిక మీద మాట్లాడాలని ఆపా పట్టుబట్టింది. పిలుపు వెళ్ళింది. కానీ వీసాకు సమయానికి టెర్మిన్ దొరకలేదు. గ్రేస్ తన ఆసుపత్రిలో కూర్చుని ఫోన్‌లో చూస్తానంది.

సదస్సు రోజు మేం ముందు వరసలో కూర్చున్నాం. ప్రొఫెసరు మాట్లాడుతున్నాడు. తెర మీద కొత్త స్లైడ్ వచ్చింది. పైన పెద్ద అక్షరాలతో 'నర్సుల హింస' అని ఉంది. కింద ఒక ఫోటో. బల్ల మీద ఒక ఆడమనిషి, ముఖం పక్కకు తిప్పుకుని, ఒంటి మీద గుడ్డ తొలగి. ఆమె వెనక పసుపు పరదా మీద నీలం చేపలు.

ఆ స్లైడ్ మా ఇద్దరికీ ఎవరూ ముందు చూపించలేదు. నేను ఆపా వైపు తిరిగేసరికి ఆ కుర్చీలో ఆమె లేదు. సంచి నా ఒళ్ళో పడేసి, వేదిక ఎక్కి, ప్రొజెక్టరు వెలుగుకు అడ్డంగా, తెర ముందుకు పోయి నిలబడింది. ఆ ఫోటోలోని మోకాలు ఆమె తెల్ల దుపట్టా మీద పడింది. 'హింస' అన్న మాట నుదుటి మీద పడింది.

"డాక్టర్, ప్రశ్నలకు చివర్లో సమయం ఉంది" అన్నాడు ప్రొఫెసరు.

"నాది ప్రశ్న కాదు. ఈ ఫోటో తీసేయండి. తీసేదాకా నేను పక్కకు జరగను" అంది ఆపా ఇంగ్లీషులో.

ప్రొఫెసరు నెమ్మదిగా నచ్చజెప్పబోయాడు. "ఆమె ముఖం కనపడటం లేదు. ఎవరూ గుర్తుపట్టరు."

"తనను తాను గుర్తుపడుతుంది. వాళ్ళ అత్త గుర్తుపడుతుంది. ఆ పరదా కట్టింది నేను, నేను గుర్తుపట్టాను. ఆమెను అడిగే పెట్టారా?"

అడగలేదు. ఎవరో ఫోటోలు తీసేవాళ్ళు ఒకసారి వచ్చిపోయినప్పుడు తీసినదట. ప్రొఫెసరు కంప్యూటరు దగ్గరున్న అమ్మాయికి సైగ చేశాడు. ఫోటో పోయింది. మాటలు మాత్రం మిగిలాయి.

ఆపా అప్పుడూ పక్కకు జరగలేదు. మైకు కూడా అడగలేదు.

"ఇక ఆ మాట. ఆ నర్సు ఈ హాల్లో లేదు. ఇక్కడికి రావాల్సిన మనిషి, రాలేకపోయింది. లేని మనిషి మీద నేరం చెప్పకండి. కొట్టిన మనిషిని చూడాలంటే నన్ను చూడండి. నేను కొట్టాను."

ఇన్నేళ్ళలో ఈ సంగతి నాకు చెప్పలేదు.

"ఆఫ్రికాలో కాదు. మా దేశంలో, కొత్తగా డాక్టర్నయిన రోజుల్లో. ఆ దవాఖానాకంతా నేనొక్కదాన్నే. ఒకామెకు బిడ్డ తల కనపడుతోంది. భయంతో కాళ్ళు దగ్గరికి లాక్కుంటోంది. అరిచాను, వినలేదు. తొడ మీద గట్టిగా కొట్టాను. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. గాలిలో తడుముకుంటున్నట్టు చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకుంది. కొట్టిన చెయ్యే. అక్కడ పట్టుకోవడానికి ఆమెకు ఇంకేం దొరకలేదు. బిడ్డ బయటికి వచ్చేదాకా వదల్లేదు. ఆయా సాయంతో ఒంటి చేత్తో కాన్పు చేశాను."

దుపట్టా సర్దుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

"ఆ రోజుతో మానేశాను అని చెబితే మీకందరికీ బాగుంటుంది. మానలేదు. ఆ తర్వాత కూడా కొట్టాను. ఒంటరిగా ఉన్నంతకాలం కొట్టాను. ఇంకో డాక్టరు వచ్చాక, వరండాలో కూర్చున్న తల్లుల్ని లోపలికి రానిచ్చాక మానేశాను. అందుకని, నర్సు కొట్టింది అని రాసేవాళ్ళు అంతమంది మధ్య ఆమెను ఒక్కదాన్నే నిలబెట్టింది ఎవరో కూడా రాయండి. రాయలేకపోతే ఈ స్లైడ్ కూడా తీసేయండి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక వరసలోంచి ఒక ముసలి జర్మన్ ఆవిడ చేతికర్ర పట్టుకుని లేచింది. చాలాకాలం కిందట ఇదే ఊళ్ళో తనకు మొదటి కాన్పయిందని, అప్పట్లో భర్తల్ని లోపలికి రానిచ్చేవాళ్ళు కారని, తను ఏడుస్తుంటే నోరు మూసుకోమన్నారని చెప్పింది. "నన్నెవరూ కొట్టలేదు. కానీ ఆ గది గోడ రంగు నాకు ఇంకా గుర్తుంది" అని కూర్చుంది. ఆఫ్రికా మీద జాలిపడటానికి వచ్చినవాళ్ళు ఆ తర్వాత ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

కారిడార్‌లోకి వచ్చాక ఆపా నా దగ్గరున్న సంచి తీసుకుంది. ఫ్లాస్కు మూత తనకు రాలేదు. నేను తీసి ఇచ్చాను. ఏడుపు ఆపుకోలేక, "నాకు ఒక్కసారి గుడ చెప్పలే ఆపా" అన్నాను.

"నీకు చెప్పి ఏం చేస్త? నువ్వు నన్ను మాఫ్ జేస్తవ్. గది నాకు అక్కర్లేదు."

అప్పుడే గ్రేస్ మెసేజ్ వచ్చింది. మధ్యలో నెట్ పోయిందట. 'చివరికి ఎవరు గెలిచారు?' అని అడిగింది. 'ఇంకా కొట్లాడుతున్నం' అని ఆపా నా చేత జవాబు రాయించింది.

నిజంగానే చాలాకాలం కొట్లాడింది. మా ఫలితాల వ్యాసంలో, వార్డులో నర్సులు ఎంత తక్కువమందో, వాళ్ళ మీద ఎంత భారమో చెప్పే వాక్యం ఒకటి ఆమె రాసింది. పైవాళ్ళు తీసేశారు. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తీశారు. ఆ వాక్యం లేకపోతే తన పేరూ ఉండదంది. మొదటి పేరు గ్రేస్‌ది ఉండాలంది. ప్రొఫెసరు అన్నిటికీ ఒప్పుకున్నాడు, కానీ ఆ వ్యాసం అచ్చయిన ఏడాదే ఆపా ఉద్యోగ ఒప్పందం ముగిసింది. పొడిగించలేదు. కారణం ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. గది ఖాళీ చేసే రోజు కుర్చీని మాత్రం ఈడ్చుకొచ్చి నా బల్ల పక్కన వేసింది. "నీ దగ్గరికొచ్చేటోళ్ళను నిలవెడ్తున్నవ్. నేను చూస్తున్న" అంది.

జబ్బు ఆ తర్వాత బయటపడింది. దాని గురించి రాయను. అది ఆమెకు నచ్చే విషయం కాదు.

ఖననానికి ప్రొఫెసరు వచ్చాడు. చలిలో టోపీ తీసి నిలబడ్డాడు. "చాలా కష్టమైన మనిషి" అన్నాడు నాతో. కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు.

"అవును, చాలా" అన్నాను. ఆమె తరఫున గర్వపడుతూనే అన్నాను.

గ్రేస్‌కు అంతకు ముందే, ఆపా పోయిన రోజునే ఫోన్ చేశాను. మెసేజ్‌లో చెప్పబుద్ధి కాలేదు. ఎత్తగానే వెనకాల ఒకటే గోల. ఆడవాళ్ళ అరుపులు, ఎవరో గదమాయింపులు. ఎలా మొదలుపెట్టాలో తెలియక ముందు, "ఎలా ఉన్నావు సిస్టర్?" అన్నాను.

"ఏం చెప్పమంటావు! ఈ అత్తలూ తల్లులూ లోపలికి వచ్చినప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. అది ఇవ్వలేదేం, ఇది చెయ్యలేదేం అని నా మీదే అరుస్తున్నారు. ఇప్పుడు వీళ్ళను బయటికి పంపుదామన్నా వల్ల కాదు. మీ డాక్టర్‌కు చెప్పు, ఇదంతా ఆమె చేసిన పనే అని." గొంతులో విసుగు లేదు.

ఆపా పోయిందని చెప్పాను. అవతల గోల అలాగే ఉంది. ఆ గోలలోనే గ్రేస్, "పెపానీ" అంది. ఎవరికైనా దెబ్బ తగిలినా, దుఃఖం కలిగినా వాళ్ళు అనే మాట అది. "పెపానీ, అమాయి."

నాకు అప్పటిదాకా రాని ఏడుపు వచ్చింది. ఆఫీసులో ఉన్నానని కూడా చూసుకోలేదు.

"ఏడవకు. ఇప్పుడు కాదు" అంది గ్రేస్. "ఇక్కడ బల్ల మీద ఒక పిల్ల ఉంది. నేను వెళ్ళాలి. డ్యూటీ దిగాక నేనే చేస్తాను. అప్పుడు ఏడుద్దాం."

ఫోన్ పెట్టేసింది.

అన్నట్టే సాయంత్రం చేసింది. మగబిడ్డ, తల్లి క్షేమం అని ముందు చెప్పింది. తర్వాత ఇద్దరం ఏడ్చాం.